ఆదివారం నానబెట్టిన బట్టలు

గోదావరిఖనిలో ఉంటున్న, కీ.శే. నర్సింగం భార్య ఐలవ్వ అనే నేను, వయసు అరవై ఏడు, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా భర్త స్నేహితుడు బుచ్చన్న చేత రాయిస్తున్న వీలునామా. షుగరు, బీపీ ఉన్నాయి గానీ మతి బాగానే ఉంది. అది పోయి ఉంటేనే నాకు హాయిగా ఉండేది.

1. నా పేరున రిజిస్టరైన రెండు గదుల రేకుల ఇల్లు నా పెద్దకొడుకు భూపాల్ భార్య దీపకు చెందాలి. భూపాల్‌ను 2023 ఆగస్టు 20, ఆదివారం నాడు ఎవరో కొట్టి చంపారు. ఎవరన్నది తేలక కేసు అక్కడే ఆగింది.

2. ఊళ్లో ఉన్న ఇరవై గుంటల చెల్క భూమి నా చిన్నకొడుకు సమ్మయ్యకు. వాడూ దీపా ఒకే వాకిట్లో ఉండకూడదనే ఇట్లా పంచాను.

3. భూపాల్ బిడ్డ విద్యకు నా వెండి కడియాలు, వాళ్ల నాన్న టిఫిన్ డబ్బా. మూతకున్న సొట్ట పాకే వయసులో విద్య పెట్టిందే. సరిచేయించొద్దు.

4. నా ఆడబిడ్డ సారవ్వ పండగకని పట్టుకెళ్లిన ఇత్తడి గుండిగ పదకొండేళ్లయినా తేలేదు. అది ఆమెకే రాసిస్తున్నాను. ఇక దాన్ని నా కంట పడకుండా దాచే తిప్పలు ఆమెకు ఉండవు.

5. ఇక్కడికి వచ్చేసరికి బుచ్చన్న కలం ఆపి, "వదినె, ఇది గూడ రాయాల్నా?" అన్నాడు. రాయాలి.

నా భర్త బొగ్గు గనిలో పనిచేయలేని జబ్బున పడితే ఆ ఉద్యోగం ఒక్క కొడుక్కే వస్తుందన్నారు. పెద్దవాడికే ఇవ్వాలని పట్టుబట్టింది నేను. సమ్మయ్య ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పనికి పోయాడు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సమ్మయ్య వచ్చి నల్లా దగ్గర డ్యూటీ బట్టలు విడిచాడు. మా ఇంట్లో డ్యూటీ బట్టలు గడప దాటవు. విడిచిన వెంటనే నానబెట్టడం నాకు ముప్పై అయిదేళ్ల అలవాటు. బకెట్లో నీళ్లు నల్లబడలేదు, ఎర్రబడ్డాయి. దెబ్బ తగిలిందేమోనని వాడి ఒళ్లంతా వెతికాను. గీత కూడా లేదు. డ్యూటీలో ఎవరికో దెబ్బ తగిలితే ఎత్తుకొచ్చానన్నాడు. నమ్మి, ఉతికి ఆరేశాను. సాయంత్రం భూపాల్ శవం క్వారీ రోడ్డు పక్కన దొరికింది. ఆ రోజు సమ్మయ్యకు డ్యూటీయే లేదని పదకొండో రోజున తెలిసింది.

పోలీసులు అడిగితే బట్టలు ఉతికానని మాత్రమే చెప్పాను. నీళ్ల సంగతి నోట్లోంచి రాలేదు. ఇప్పుడు చెప్పినా చూపించడానికి ఏమీ లేదు. వాడే చేశాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. రెండేళ్లుగా వాడికి అన్నం పెడుతూ వాడి చేతులే చూస్తున్నాను. దీపా, నన్ను క్షమించమని అడగను.

6. దీన్ని అమలు చేయవలసింది బుచ్చన్న. నా శవాన్ని లేపకముందే అయిదో అంశం దీప, సమ్మయ్య ఇద్దరి ముందూ చదవాలి. నిజం చెప్పమని సమ్మయ్యను అడగాలి. వాడు చెప్పినా, చెప్పకపోయినా నాకు కొరివి వాడే పెట్టాలి. నాకింక వేరే కొడుకు లేడు.

గోదావరిఖని, 12-11-2025
ఐలవ్వ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: పోశవ్వ (పక్కింటి ఆమె), రాజం (రిటైర్డ్ గని కార్మికుడు). ముద్ర వేయడం చూశాము. లోపలి సంగతి మాకు చదివి వినిపించలేదు.
దస్తూరి: బుచ్చన్న