ఒసాకా పెనం ముందు

అన్నయ్యా,

కంపెనీ నన్ను ఒసాకా పంపింది. నిన్న స్టేషన్ పక్క చిన్న కొట్లో, పెనం ముందు కూర్చుని క్యాబేజీ అట్టు తింటున్నాను. తాగినవాడొకడు, అట్లు పోసే ముసలామె జుట్టు పట్టుకుని ముఖాన్ని కాలే పెనం మీదికి వంచాడు.

సీతాఫల్‌మండి బజ్జీల బండి దగ్గర నువ్వూ, "ఏందన్నా, ఆడమనిషిని కొడ్తున్నవ్?" అని అడ్డుపడే కదా కత్తిపోటుకు పోయావు! ఎవరి గొడవలోకీ వెళ్లనని అప్పుడే అమ్మకు మాటిచ్చాను.

అయినా స్టూలెత్తి వాడి మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడైంది. వాడు రెండో చేత్తో సీసా పగలగొట్టి నా చెంప చీల్చాడు. పక్కవాళ్లు వాణ్ణి కిందపడేసి తొక్కిపట్టారు. ముసలామె నా చెంపకు తువ్వాలు అదిమింది.

తర్వాత మారేడ్‌పల్లి నుంచి అమ్మ ఫోను.

"మాట ముద్దగా వస్తోందేంట్రా?"

"అట్టు వేడిగా ఉంది, నోరు కాలిందమ్మా."

నిజం నీకొక్కడికే రాస్తున్నాను.