రమామణి మూడో చిత్రం

చోడవరం,
విశాఖపట్నం జిల్లా.
(ఇప్పుడు మాది అనకాపల్లి జిల్లా అని నాకు తెలుసు. తమ కార్యాలయం తాలూకు రబ్బరు ముద్రకు ఇంకా తెలియదు కనుక పాతదే రాశాను.)

శ్రీయుత సంచాలకులు గారికి,
అయస్కాంత చిత్ర పరిశోధన పథకం,
విశాఖపట్నం.

అయ్యా,

విషయం: చోడవరంలోని ఎమ్మారై యంత్రాన్ని తరలించక ముందే నా భార్య రమామణికి మూడో చిత్రం తీయించుట, పనికిరావని పక్కన పడేసిన మొదటి రెండు చిత్రాలను తిరిగి లెక్కలోకి తీసుకొనుట, ఆమె పేరు ఎదుట రాసిన ‘సహకరించలేదు’ అను మాటను కొట్టివేయుట గురించి.

అనంతరామయ్య అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా: నేను చక్కెర మిల్లు ప్రయోగశాలలో రసాయనికుడిగా పనిచేసి విరమించినవాడిని. చదువుకున్నవాడిని. తమరికి తీరిక తక్కువ కనుక ముఖ్యాంశాలు మాత్రమే మనవి చేస్తున్నాను అని రాయడం మర్యాద. నేను అలా రాయడం లేదు. మొత్తం చదవండి.

1. తమ పథకం వారు మా ఊరి పాత విత్తనాల గోదాములో చిన్న ఎమ్మారై యంత్రం ఒకటి పెట్టారు. పొద్దున్న పూట మతిమరుపు మొదలైన పెద్దవాళ్ళ తలలు, మధ్యాహ్నం పూట చెరకు ముచ్చెలు, అంటే నాటడానికి కోసిన గడ ముక్కలు. మనిషికి మూడు విడతలుగా చిత్రాలు తీసి మెదడు ఏ వేగంతో క్షీణిస్తున్నదో చూడడం ఒక పని. చెరకు గడను చీల్చకుండానే లోపల ఎర్రకుళ్ళు తెగులు ఉన్నదీ లేనిదీ చూడడం రెండో పని. రెండూ మంచి పనులే. నా ఉద్యోగకాలమంతా కత్తితో గడలు చీల్చి చూసినవాడిని గనుక, చీల్చకుండా చూసే యంత్రం వచ్చిందంటే ఈ ఊళ్ళో నాకంటే సంతోషించినవాడు లేడు.

2. ప్రారంభోత్సవం నాడు పథక సమన్వయాధికారి శ్రీ గౌరీశంకర్ గారు జేబులోంచి దువ్వెన తీసి, తల దువ్వుకుని, దాంతో కాగితం ముక్కలు లేపి, ‘అయస్కాంతం అంటే ఇదే, మన యంత్రం కూడా ఇంతే’ అని సెలవిచ్చారు. నేను లేచి, అది అయస్కాంతం కాదనీ, ఆ పాఠం హైస్కూల్లో వేరే అధ్యాయంలో ఉంటుందనీ మనవి చేశాను. జనం నవ్వారు. తరవాత జరిగిన ప్రతి సంగతికీ మూలం ఆ నవ్వేనని నా అభిప్రాయం. చెప్పినందుకు నేను విచారించడం లేదు.

3. నా భార్యకు మతి తప్పుతున్నది. పొయ్యి మీద పాలు మరిచిపోవడంతో మొదలై, ఇప్పుడు నన్ను మరిచిపోవడం దాకా వచ్చింది. కొన్ని పూటలు నన్ను మర్యాదగా ‘కూర్చోండి, ఆయన బజారుకి వెళ్ళారు, వచ్చేస్తారు’ అంటుంది. నేను కూర్చుంటాను.

4. యంత్రంలోకి లోహం వెళ్ళకూడదు. ఈ నిబంధన సబబైనదే, దీనితో నాకు పేచీ లేదు. మా ఆడవాళ్ళ పుస్తెల తాడుకి ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఆ ఇనుమును యంత్రం లాక్కుంటుంది. బంగారాన్ని లాక్కోదు గాని, దాని చుట్టుపక్కల చిత్రం చెడుతుంది. అయితే రమామణి పుస్తెలు తీయనివ్వలేదు. అప్పుడు ఈ ప్రాంతపు ఆనవాయితీ ప్రకారమే చేశాం. పుస్తెలు మెరుగుకి ఇచ్చినా, తాకట్టుకి పోయినా, పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి మెడలో వేస్తారు. ముందు కొమ్ము కట్టి, ఆ తరవాతే పుస్తెలు తీస్తారు. మెడ క్షణమైనా బోసిగా ఉండకూడదు. అలా చేస్తే రమామణి ఊరుకుంది. తాడులో లోహం లేదని యంత్రం నడిపే చిరంజీవి ఝాన్సీ చూసి ఒప్పుకుంది. మొదటి చిత్రం తీశారు.

5. అది మాఘమాసం. ఇంట్లో ఎండు కొమ్ములు అయిపోయాయి. రమామణిని చూసుకునే అచ్చియ్యమ్మ, మాడుగుల నుంచి అప్పుడే వచ్చిన పచ్చి పసుపులోంచి లావుపాటి కొమ్ము ఏరి కట్టింది. పొరపాటు ఏదైనా జరిగిందంటే అది ఇదొక్కటే, మా ఇంట్లో జరిగింది, ఒప్పుకుంటున్నాను. మీ ఇంట్లో జరిగినవి కింద రాస్తున్నాను.

6. ఎమ్మారై యంత్రం చూసేది ముఖ్యంగా నీటిని. నీటిలోని హైడ్రోజన్‌ను అయస్కాంతం ఒక దిక్కుకు తిప్పుతుంది, రేడియో తరంగంతో కదిపితే అది బదులు పలుకుతుంది. ఎక్కడ తడి ఉంటే అక్కడ పలుకు. పచ్చి పసుపు కొమ్ము నిండా తడి. పడుకున్నప్పుడు అది జారి దవడ కిందికి చేరింది. చిత్రంలో దవడ కింద తెల్లగా ఒక ముద్ద కనబడింది. గౌరీశంకర్ గారు మమ్మల్ని పిలిచి, ‘గడ్డలా ఉంది మాస్టారూ, ఆలస్యం చెయ్యకండి’ అన్నారు. ఆ మాటతో మేము ఎలా నిద్రపోయామో ఇక్కడ రాయను. ఆలస్యం చెయ్యొద్దన్న ఆయనే, ముందు రెండో విడత కూడా చూద్దామన్నారు.

7. రెండో విడత నాటికి ఎండలు ముదిరాయి. అచ్చియ్యమ్మ ఆ తాడునే మేకుకి తగిలించి దాచింది, మళ్ళీ అదే కట్టింది. ముద్ద చిన్నదైంది. గౌరీశంకర్ గారు సంతోషించి, ‘మందు పనిచేస్తోంది, గడ్డ కరుగుతోంది’ అన్నారు. అయ్యా, ఆమె వాడుతున్నది మతిమరుపు మందు. కరిగింది గడ్డ కాదు, కొమ్ము ఎండింది. వైద్య పరిశోధన, పదార్థ పరిశోధన అని తమరు పొద్దున్నకీ మధ్యాహ్నానికీ పంచి పెట్టిన రెండూ మా ఆవిడ మెడలో కలిశాయి, తమవాళ్ళు గుర్తుపట్టలేదు.

8. అయినా అనుమానం తీరక విశాఖపట్నం తీసుకువెళితే, అక్కడి శస్త్రవైద్యుడు ఆమె మెడ తడిమి, ‘ఇక్కడేం లేదండీ’ అన్నాడు. ఇంటికొచ్చి ఆ రెండు చిత్రాలూ కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ముద్దకి అడ్డంగా చారలున్నాయి. కణుపులు. కణుపులు గుర్తుపట్టడమే నా జీతం కాబట్టి, చూడగానే తెలిసింది. వెళ్ళి గౌరీశంకర్ గారికి చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా, ‘మీకు తెలీనిదేముంది లెండి, దువ్వెన కూడా మీకే తెలుసు’ అన్నారు. మర్నాడు రెండు ఉత్తర్వులు. రమామణి చిత్రాలు రెండూ నమ్మదగినవి కావు. ఇకమీదట మెడలో నూలుపోగు కూడా ఉండకూడదు.

9. ఈ ఉత్తర్వుకి శాస్త్రం లేదు. నూలు అయస్కాంతానికి అంటదు. ఎండు కొమ్ము చిత్రంలో దాదాపు కనబడదు. మెదడు చిత్రానికి దవడ కింద ఏమున్నా నష్టం లేదు.

10. మూడో విడత నాడు జరిగినది జరిగినట్టు మనవి చేస్తున్నాను. తాడు తీయమన్నారు. రమామణి రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది.

‘తీస్తే ఆయన బాధపడతారండీ’ అంది, నా వైపే చూసి, నాతోనే.

‘రూలు మేడమ్,’ అన్నారు గౌరీశంకర్ గారు. ‘ఒక్క పావుగంటేగా.’

అచ్చియ్యమ్మ అందుకుంది. ‘తీసీమంటే తీసీడానికి అదేటి పౌడరు డబ్బా మూతేటి బాబూ? అదిగో, ఆయమ్మ పెనిమిటి ఎదర నిల్చున్నారు, కనబళ్ళేదేటి? నువ్వెల్లి ముందు మీ ఇంట్లో సెప్పు ఈ రూలు. సెప్పి, అన్నం పెడితే తినేసి రా.’

బయట బల్ల మీద వరసలో ఉన్న ఆడవాళ్ళు, వడ్డాది నుంచీ దేవరాపల్లి నుంచీ వచ్చినవాళ్ళు, విని ఒకరొకరుగా లేచారు. ‘పదండే, బస్సు పోతది’ అంది ఒకామె. అంతే. అందరి పేర్ల ఎదుటా ‘సహకరించలేదు’ అని పడింది.

11. తరవాత తమకు వెళ్ళిన నివేదికలో, స్థానిక స్త్రీల మూఢనమ్మకాల వల్ల మానవ పరిశోధన కుదరలేదనీ, చెరకు పరిశోధన మాత్రం సంతృప్తికరమనీ, కనుక యంత్రాన్ని నగరానికి తరలించవచ్చుననీ రాశారట. సంతృప్తికరంగానే ఉంటుంది. చెరకు గడకు తాళి లేదు. దాన్ని ఏదీ తీయమని ఎవరూ అడగలేదు. నోరున్నవాళ్ళను వదిలి నోరులేనిదాన్ని పరిశోధించి, ఇది బాగా సహకరించింది అని రాసుకోవడం విజ్ఞానం అయితే, నేను ఇన్నాళ్ళూ చదివినవి వేరే పుస్తకాలు.

12. మూఢనమ్మకం అన్న మాట గురించి. చూసినదాన్ని సరిచూసుకోకుండా నమ్మడం మూఢనమ్మకం. పసుపు కొమ్మును గడ్డ అని నమ్మినది మా ఆడవాళ్ళు కాదు.

పై కారణాల చేత నేను కోరునది ఇది. మూడో చిత్రం లేకపోతే మొదటి రెండింటికీ అర్థం లేదు. ఆమె మెదడు నెమ్మదిగా జారుతున్నదా, వేగంగా జారుతున్నదా అని డాక్టరు అడుగుతున్నాడు. మందు మార్చాలో వద్దో దాన్నిబట్టే చెబుతానంటున్నాడు. నాకు కూడా తెలియాలి. ఇంకా ఎన్నాళ్ళు ఆమె ‘ఆయన బజారుకి వెళ్ళారు’ అంటుందో, ఏ రోజున ఆ ఆయన్ని కూడా మరిచిపోతుందో. యంత్రం నగరానికి పోతే ఆమెను మళ్ళీ అక్కడికి తీసుకుపోవడం నా చేత కాదు, శస్త్రవైద్యుడి దగ్గరికి వెళ్ళిన ఆ ఒక్కసారే చాలింది. బస్సెక్కితే ఇంటికి వెళ్ళిపోదామని ఏడుస్తుంది, ఇంట్లో ఉన్నా ఏడుస్తుంది, కాని బస్సులో దిగిపోతానంటుంది. కనుక యంత్రం కదలక ముందే, ఆమె మెడలో ఎండు కొమ్ముతో, చోడవరంలోనే చిత్రం తీయించండి. ఇది దయ చూపమని అడగడం కాదు. పరిశోధనకి తన తల ఇచ్చిన మనిషికి పరిశోధన బాకీ ఉన్నది అడగడం.

తమరు ఇది చిత్తగించినా, చిత్తగించకపోయినా, నేను మాత్రం తమ గుమ్మంలో ఉంటాను.

విధేయుడనని రాయక తప్పని ఆనవాయితీని బట్టి,
తమ విధేయుడు,
అనంతరామయ్య

తా.క.: పచ్చి కొమ్ము చిత్రంలో ఎలా కనబడుతుందో రుజువు చేయడానికి నా తలనే యంత్రంలో పెట్టండి. అందుకు సిద్ధపడే వస్తున్నాను. తాడుకి కొమ్ము గుచ్చి నా మెడలో కట్టమంటే అచ్చియ్యమ్మ రెండడుగులు వెనక్కి వేసి, ‘మగోల మెడలో నాను కట్టడమేటి బాబుగారూ, ఊరు ఊరంతా నవ్వదేటి’ అంది. మా మాటలు వింటున్న రమామణి లేచి వచ్చి, ఆమె చేతిలోంచి తాడు తీసుకుంది. నన్ను వంగమంది. మూడు ముళ్ళూ వేసింది, ఒక్కొక్కటీ లాగి చూసి మరీ వేసింది. వేశాక, ‘మీ పేరేమిటండీ?’ అని అడిగింది. చెప్పాను. ‘మా ఆయన పేరూ అదే’ అంది.

తమ కార్యాలయంలో ఈ తాడు తీయమని ఎవరైనా అంటే నేను కూడా సహకరించను. నా పేరు ఎదుట ఆ మాట ఇప్పుడే రాసుకోండి.