సెలవు రోజు డ్యూటీలో సుఖం

ఆదివారం, ఆగస్టు పద్దెనిమిది
మధ్యాహ్నం, డ్యూటీలో కూర్చునే

అక్కకి,

చెల్లెలు చేతులు జోడించి రాసుకునేది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అడక్కుండా సంగతిలోకి దిగడమంటే చెప్పులతో పడకగదిలోకి రావడమేనని నాన్న అనేవారు కదా, అందుకని ముందు అది అయింది.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటా అనుకుంటావు. రోజూ ఎనిమిది గంటలు ఫోనులో మాట్లాడడమే నా పని. అవతలివాళ్లకి ఏం వినాలని ఉందో అదే చెప్పడం నాకు అలవాటైపోయింది. కాగితం మీద ఆ తెలివి అంతగా పనిచెయ్యదు.

పోయినసారి ఫోనులో నువ్వు కాస్త కోపంగానే అడిగావు. ప్రతి ఆదివారం, ప్రతి సెలవుకీ నీకే ఎందుకు డ్యూటీ వేస్తారు, మీ ఆఫీసులో ఇంకెవరూ లేరా, నోరు తెరిచి అడగలేవా అన్నావు. నేను నవ్వి ఊరుకున్నాను. వెనకనుంచి బావగారు, మీ చెల్లెలి కంటికి మన ఇల్లు ఆనదులే అనడం కూడా వినపడింది. ఆయన్నేమీ అనకు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

జవాబు ఇది. నాకు ఎవరూ డ్యూటీ వెయ్యడం లేదు. రెండేళ్లుగా నేనే అడిగి వేయించుకుంటున్నాను.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. లిఫ్టులో గంట బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంటుంది చూశావా? లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు అది నొక్కితే మా గదిలో మోగుతుంది. నేను ఎత్తుతాను. భయపడకండి, ఏ భవనం, ఎంతమంది ఉన్నారు అని అడుగుతాను. దగ్గర్లో ఉన్న మెకానిక్‌కి ఫోను చేసి పంపిస్తాను. అతను వచ్చి తలుపు తీసేదాకా లోపలివాళ్లతో మాట్లాడుతూ కూర్చుంటాను. ఇంతే ఉద్యోగం. పదిహేడేళ్లుగా ఇదే.

మామూలు రోజుల్లో ఆ గదిలో ఏడుగురం ఉంటాం. ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడుతుంది. ఫ్యాను పెంచమని ఒకరు, తగ్గించమని ఒకరు. సెలవు రోజైతే నేనొక్కదాన్నే. బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుంది. ఆఫీసులో చక్రం విరగని కుర్చీ దొరుకుతుంది. ఫ్లాస్కులో టీ సాయంత్రం దాకా నాదే. పెళ్లెందుకు చేసుకోలేదండీ అని అడిగే కొత్త అమ్మాయిలు ఉండరు. ఇవన్నీ చిన్న సుఖాలు. అసలు సుఖం సోమవారం పొద్దున ఉంటుంది. నిన్న ఎక్కడికెళ్లారు, ఎవరొచ్చారు అని అందరూ చెప్పుకుంటూ నా వైపు తిరుగుతారు. డ్యూటీ అంటాను. అయ్యో పాపం అని ఊరుకుంటారు. ఇంట్లో ఒక్కదాన్నే గోడ చూస్తూ కూర్చున్నానంటే ఏమంటారో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

అమ్మ పోయాక మొదట్లో ఆదివారాలు ఇంట్లోనే ఉండేదాన్ని. శనివారం సాయంత్రం వచ్చి తలుపేసుకుంటే, మళ్లీ సోమవారం బస్సులో టికెట్ అడగబోతే గొంతు పెగిలేది కాదు. ఒక్క రోజు వాడకపోతే మాట కూడా తుప్పు పడుతుందని అప్పుడే తెలిసింది. మీ ఇంటికి రెండుసార్లు వచ్చాను, గుర్తుందా? అమ్మ మాట ఎత్తితే నేను ఏడుస్తానని నువ్వు ఎత్తలేదు. నువ్వు ఏడుస్తావని నేను ఎత్తలేదు. రోజంతా కూరగాయల గురించీ, పిల్లల పరీక్షల గురించీ మాట్లాడుకున్నాం. రైల్లో తిరిగొస్తుంటే, ఆ సందడి కన్నా మా ఆఫీసు గదే నయమనిపించింది. ఆ వారమే సెలవు డ్యూటీకి పేరిచ్చాను.

ఇంకో సంగతి. మామూలు రోజుల్లో లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు నన్ను తిడతారు. ఎవరి తొందర వాళ్లది. సెలవు రోజు ఇరుక్కున్నవాళ్లు మాట్లాడతారు. ఒకావిడ బట్టల మూటతో ఇరుక్కుని, తలుపు తీసేలోపు తన కోడలిదే తప్పని నా చేత తీర్పు చెప్పించుకుంది. అవతల కోడలి వాదన వినే అవకాశం నాకు లేదు కదా, ఆవిడే గెలిచింది.

పోయిన నెల ఒక సెలవు రోజున, పన్నెండున్నరకి ఒక ఫోనొచ్చింది. పదకొండు అంతస్తుల ఆఫీసు భవనం. ఎత్తగానే ఒక పెద్దాయన గొంతు, సెలవు రోజున మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానమ్మా, ఏమీ అనుకోకండి అంది. పదిహేడేళ్లలో నాతో ఆ మాట అన్నది ఆయనొక్కరే.

అదే ఆఫీసులో టైపిస్టుగా చేసి నాలుగేళ్ల కిందట రిటైరయ్యారట. వరుసగా సెలవులొస్తే కిటికీల దగ్గరున్న మొక్కలు వాడిపోతాయి, నీళ్లు పోసేవాళ్లుండరు. అందుకని వాచ్‌మన్‌తో చెప్పి, బకెట్టూ చెంబూ తీసుకుని తనే వస్తారట. ఇప్పుడు తన కుర్చీలో కూర్చునేవాడికి తన పేరు కూడా తెలీదని నవ్వారు. మొక్కలకి మాత్రం తెలుసా అని నేనడిగితే, వాటికీ తెలీదు గానీ అవి అడగవు కదమ్మా అన్నారు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నానని చెప్పారు.

భోంచేశారా అని అడిగారు. డబ్బా తెచ్చుకున్నాను, ఇంకా తెరవలేదన్నాను. అయితే తినండి, నేనెక్కడికీ పోను కదా అన్నారు. నేను నవ్వాను అక్కా. డబ్బా తెరిచి, ఆయన చెబుతుంటే వింటూ తిన్నాను. ఎవరితోనైనా మాట్లాడుతూ అన్నం తిని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

ఆయన భార్య పోయి ఆరేళ్లయిందట. అది చెప్పాక, మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా అని అడిగారు. మా అమ్మ ఉండేదన్నాను. అక్కడితో ఆగాల్సింది, ఆగలేదు. నీకు చెప్పనిది ఆయనకి చెప్పాను. ఇప్పుడు నీకూ చెబుతున్నాను. అమ్మ పోయిన రోజు పొద్దున నాకు రెండుసార్లు ఫోను చేసింది. నేను ఎత్తలేదు. ఆ సమయంలో ఎవరో లిఫ్టులో ఉన్నారు, వాళ్లతో భయపడకండి, నేనున్నాను అంటున్నాను. తర్వాత చేద్దామనుకున్నాను. పక్కింటావిడ ఫోను చేసేదాకా ఆ ‘తర్వాత’ రాలేదు.

అవతల బకెట్టు జరిగిన చప్పుడు వినపడింది. అప్పుడు ఆయనన్నారు, మా ఆవిడ పోయేటప్పుడు నేను చెయ్యి పట్టుకునే ఉన్నానమ్మా, అయినా ఆగలేదు, ఈ మాట మీకు పనికొస్తుందో లేదో నాకు తెలీదు అని. పనికొచ్చిందో లేదో నాకూ ఇంకా తెలీదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది.

మెకానిక్ వచ్చి తలుపు తీసేసరికి ఒకటిన్నర అయింది. గంటసేపు లోపలే ఉన్నారు. నాలుగు రోజుల తర్వాత ఆయన మా ఆఫీసరుగారి పేర ఉత్తరం రాశారు. ఆ గంటసేపూ భయం తెలియకుండా ఆ అమ్మాయి నన్ను కాపాడింది, సొంత కూతురైనా అంత ఓపిగ్గా మాట్లాడదు అని. యాభై ఏళ్లు దాటినదాన్ని అమ్మాయి అన్నారు, చూశావా? ఆఫీసరుగారు ఆ ఉత్తరాన్ని అందరి ముందూ చదివి వినిపించారు. గోడ మీద నా ఫోటో పెట్టారు. వచ్చే శుక్రవారం, ఇరుక్కున్నవాళ్లతో ఎలా మాట్లాడాలో కొత్తగా చేరినవాళ్లకి నేను పాఠం చెప్పాలట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుంటే, సిగ్గనుకున్నారు.

ఇవీ ఇక్కడి సంగతులు. నువ్వు అడిగిన దానికి జవాబు దొరికిందనుకుంటాను. బావగారికి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు. నీ మోకాలి నొప్పికి మందు మానకు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. సోమవారం మధ్యాహ్నం. ఉత్తరం పోస్టు చెయ్యకుండా సంచిలోనే ఉంచుకున్నాను. పైన రాసిందంతా నిజమే. రాయనిది ఒకటుంది.

ఆ రోజు మెకానిక్ ఆ భవనం పక్క వీధిలోనే ఉన్నాడు. పన్నెండూ నలభైకి తనే ఫోను చేసి, ఇక్కడ పనైపోయింది, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఏమీ లేదు, వెళ్లి భోంచెయ్యమన్నాను. పెద్దాయనకి మాత్రం, మెకానిక్ ఊరికి అవతలి చివర ఉన్నాడు, బయల్దేరాడు అని చెప్పాను. ఒకటీ పదిహేనుకి గానీ అతన్ని పంపలేదు. రిజిస్టరులో ఫోను వచ్చిన టైము కూడా ఒకటీ పది అని రాశాను. మధ్యలో ఆయన రెండుసార్లు, లోపల కాస్త ఉక్కగా ఉందమ్మా అన్నారు. రెండుసార్లూ భయపడకండి అన్నాను. తలుపు తీసేసరికి కాళ్లు పట్టేసి లేవలేకపోయారట. మెకానిక్ భుజం ఇచ్చి కిందికి దింపాడు. గంట నుంచీ ఉన్నారట కదా అని మెకానిక్ నన్నడిగాడు. నేను ఫోను పెట్టేశాను. అతను మళ్లీ అడగలేదు.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగాక, ఆయన ఉత్తరం మీదున్న చిరునామా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. తలుపు తీశారు. నా గొంతు గుర్తుపట్టి మొహం వెలిగిపోయింది. లోపలికి రమ్మన్నారు. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. మీతో మాట్లాడుతుంటే బాగుందని పంపలేదన్నాను. ఆయన చాలాసేపు గడప వైపు చూశారు. నేను లిఫ్టు తలుపు మీద కొట్టాను కూడానమ్మా, మీకు వినపడకూడదని మెల్లగా కొట్టాను అన్నారు. ఇంక మీరు వెళ్లండి అన్నారు. తలుపు చప్పుడు కాకుండా వేశారు.

ఈ పొద్దున ఆఫీసరుగారికి అంతా కాగితం మీద రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. అంటే ఇప్పుడు నాకు అన్నీ సెలవులే.

ఈ ఉత్తరం నీకు అందిన మర్నాడు పొద్దుటి బండికి వస్తాను. నన్ను ఓదార్చకు. తిట్టాలనిపిస్తే తిట్టు. అమ్మ ఫోను సంగతి ఇన్నాళ్లు దాచినందుకు కూడా తిట్టు. కానీ మాట్లాడు.