అమ్మీ నింపి ఇచ్చే డబ్బా

జబీన్, కొల్లాపూర్‌లో నేను క్షేమం. ఫోన్ చేస్తే అమ్మీ వింటుంది. ఆమెకు తెలుగు చదవడం రాదు కనుక కార్డు రాస్తున్నాను.

నిన్న దారిలో కారు ఇంజన్ వేడెక్కి పొగలు కక్కింది. మెకానిక్ ఐలేశం రేడియేటర్ విప్పి, "గీ బోరునీళ్లెందుకు పోస్తున్నవన్నా? లోపలంత సున్నం పేరుకున్నది. కూలెంట్ పొయ్యాలె" అన్నాడు. బయల్దేరేటప్పుడల్లా అమ్మీ దువా చదివి, ఊది, ఇంజన్‌కని డబ్బాలో నింపి ఇచ్చే నీళ్లే అవి!

ఆ తెల్లటి పెచ్చులు చూడగానే ఆమె మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి. ఫిల్టర్ నీళ్లు మనకు ఉంచి, తాను బోరు నీళ్లే తాగుతోందా? జర కనిపెట్టు.

అమ్మీకి సలాం. డబ్బా సంగతి మాత్రం చెప్పకు, ఎప్పటిలాగే నింపి ఇవ్వనీ. ఒక గుక్క నేను తాగి, మిగతావి దారిలో చెట్టుకు పోస్తాను.

నీ భాయ్,
ఫహీం