అత్తమ్మ తొక్కు, మా సెన్సర్

గురువారం రాత్రి, హనుమకొండ

ఆహారంలో కలిపే ప్రిజర్వేటివ్‌ను, అంటే నిల్వ మందును, పట్టే మా ల్యాబ్ సెన్సర్ మీద ఈరోజు అత్తమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు పరీక్షించాను. పోల్చి చూడటానికి ఏ మందూ కలవని శాంపిల్ ఒకటి కావాలి. ఇంటి తొక్కు కంటే నమ్మకమైనది ఏముంటుందనుకున్నాను. కానీ మందు ఉందన్నట్టు గ్రాఫ్‌లో గీత నిటారుగా లేచింది. సెన్సర్‌లో బంగారు నానో కణాలు పూసిన స్ట్రిప్పు మార్చినా మళ్లీ లేచింది.

"సెన్సర్ మంచిగనే ఉంది. జర మీ అత్తమ్మనే అడుగు," అని మా పీహెచ్‌డీ గైడ్ సార్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కొత్తవాడలో ఎన్నో ఇళ్లు మందు లేదనే ఆమె దగ్గర తొక్కు కొంటాయి.

అన్నం దగ్గర అడిగాను.

"ఏం కలుపుత బిడ్డా? కాయ, కారం, ఉప్పు, నూనె, అల్లం ఎల్లిగడ్డ. గంతే."

నా కళ్లలోకి చూస్తూనే చెప్పింది. అబద్ధమాడే మనిషి కాదు. అయితే సెన్సరే తప్పు చెబుతోందా?

పడుకోబోతుంటే ఒకటి తట్టింది. అల్లం ఎల్లిగడ్డ అంది గానీ, ఆ ముద్ద ఇంట్లో నూరిందా, దుకాణంలో కొన్న ప్యాకెట్టా? ఏటా తొక్కు పెట్టే ముందు అందరం కూర్చుని వెల్లుల్లి ఒలిచేవాళ్లం. ఆ పొట్టు ఫ్యాను గాలికి రోజుల తరబడి ఇల్లంతా ఎగిరేది.

ఈ ఏడు ఒక్క పొట్టు కూడా నా కాలికి తగల్లేదు.