వేపపొగ పట్టిన ఉత్తరాలు

లంజిపల్లి, బరంపురం
1919 జనవరి 10

పూజ్యురాలైన అమ్మకు కొండబాబు దూరం నుంచి చేయు నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని రాయలేను. మీ కుశలం ఇంకా రుజువు కాలేదు. జ్వరాల వల్ల మూసిన ఆడపిల్లల బడి ఫిబ్రవరి మూడున తెరుస్తున్నారు. ఆ వారంలో రాని పిల్లల పేర్లు కొట్టేస్తారట. బడి మూసినప్పుడు నీ దగ్గరకు పంపిన నా కూతురు చిన్నమ్మిని తిరిగి పంపు. అయితే మీ ఊరు మార్కండి నుంచి వస్తోంది గనుక పది రోజులు పెరట్లో గొడ్లసావిడిలో ఉండాలి. ముఖానికి గుడ్డ కట్టుకోవాలి. కళ్లు తప్ప ఏమీ కనపడకూడదు. నీ కోడలు చిట్టమ్మ పురిటికి పుట్టింటికి పొలసర వెళ్లింది. ఇంట్లో నేనొక్కడినే. అందుకే ఇంత జాగ్రత్త.

ఇట్లు, విధేయుడు కొండబాబు

తా.క. నీ ఉత్తరాలకు వేపపొగ పెట్టి, వారం రోజులు అరుగు మీద బుట్టలో ఉంచి, ఆ తర్వాతే తెరుస్తున్నాను. తొందర సంగతులుంటే వారం ముందే రాయగలవు.

మార్కండి
జనవరి 13

చిరంజీవి కొండబాబుకు అమ్మ జగ్గమ్మ దీవించి, మనవరాలి చేత రాయించునది.

నీ ఉత్తరం పొగ పెట్టకుండానే చదివించుకున్నాను. ఇంకా బతికే ఉన్నాను. ఆ జ్వరం మా ఊరికి ఎక్కడి నుంచి వచ్చిందిరా? మీ బరంపురంలో రైలు దిగి వచ్చింది. ఇక్కడ కార్తీకం నుంచి ఒక్కరికీ ఒళ్లు వెచ్చబడలేదు. నీ చట్టం ప్రకారం సావిడిలో కూర్చోవలసింది నువ్వు. గొడ్లు ఒప్పుకోవాలి గాని.

నేను వేలిముద్ర వేసే మనిషిని. నా మనవరాలు వేయకూడదు. పిల్లను నేరుగా ఇంట్లోకి రానిస్తావో లేదో ఒక్క మాట రాయి.

ఇట్లు, నిన్ను కన్న పాపానికి జగ్గమ్మ

తా.క. నాన్నా, మామ్మ మాటలు బడి తెలుగులోకి మార్చి రాస్తున్నాను. "ఆడికి బుర్ర నేదు. సదువుకున్నాడని ఆ సంగతి ఎవులూ సెప్పనేదు" అంది. దీనికి బడి తెలుగు దొరకలేదు. ఎండుచేపల బుట్ట పంపుతున్నాం. – చిన్నమ్మి

లంజిపల్లి
జనవరి 24

అమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం గడువు తీరి నిన్ననే తెరిచాను. పిల్ల సావిడిలో ఉండడానికి పది రోజులు చాలవు, పద్నాలుగు మంచిదని మా హెడ్ గుమస్తా అన్నారు గనుక పద్నాలుగు చేశాను. ఈ లెక్కన చిన్నమ్మి ఆ వారంలో బడికి అందదు. ఆడపిల్ల, చదువు ఇక్కడితో ఆగినా కొంప మునగదు. అక్కడే ఉంచు.

ఇట్లు, కొండబాబు

తా.క. ఎండుచేపల బుట్టను కూడా వారం అరుగు మీదే పెట్టాను. మన పిల్లులు ఆ నియమం పాటించలేదు. అందుకని వాటినీ ఇంట్లోకి రానివ్వడం లేదు.

లంజిపల్లి
ఫిబ్రవరి 8

చిరంజీవి కొండబాబుకు అమ్మ ఆశీస్సులు.

పైన ఊరి పేరు పొరపాటు కాదు. ముప్పై ఒకటిన ఎండుచేపల బండెక్కి వచ్చేశాం. నీ ఇంటికి నాలుగిళ్ల అవతల, మన చేపలు కొనే ఈశ్వరమ్మ వసారాలో దిగాం. ఎక్కడి నుంచి వచ్చారని, ఎన్ని రోజులైందని ఆవిడ అడగలేదు. తిన్నారా అని అడిగింది. మూడో తేదీన చిన్నమ్మి బడికి వెళ్లింది. పేరు పిలిచారు, పలికింది. నేను బయట నిలబడి ఏడ్చాను. అది రోగం కాదు, సంతోషం. నీ నియమాల్లో రాసి పెట్టుకో.

పిల్ల రోజూ నీ అరుగు ముందు నుంచే వెళ్తోంది, నువ్వు రాసినట్టే కళ్లు తప్ప ఏమీ కనపడకుండా. మంగళవారం నువ్వు ఎవరి ఉత్తరానికో పొగ పెడుతూ, "ఎవలి పిల్లవే? దూరంగా ఎల్లు" అన్నావట. ఆ పూట అది అన్నం తినలేదు. ఈ మాట రాయనంటోంది, పట్టుబట్టి రాయించాను. కన్నకూతురి కళ్లు గుర్తుపట్టలేనివాడివి, జ్వరాన్ని ఏం గుర్తుపడతావురా?

ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ బుట్టలో వేస్తున్నాను. వారానికి తెరుస్తావు. అప్పుడు మమ్మల్ని చూడాలనిపిస్తే రా. ముందు ఈశ్వరమ్మ పెరట్లో పద్నాలుగు రోజులు ఉండాలి.

ఇట్లు, జగ్గమ్మ, వేలిముద్ర

తా.క. నాన్నా, మన పిల్లులు రెండూ ఇక్కడ నా పక్కనే పడుకుంటున్నాయి. నేను గుడ్డ కట్టుకుని ఉన్నా, మొదటి రోజే గుర్తుపట్టి వెంట వచ్చేశాయి. – చిన్నమ్మి