ఖాళీగా వదలాల్సిన గడి

సెంటినరీ కాలనీ నుంచి,

అక్కకు నీ తమ్ముడు రాజలింగు కాళ్ళు మొక్కి రాస్తున్నది. ఇక్కడ అందరం తిన్నది అరిగించుకుంటూ తిరుగుతున్నాం. నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? దవాఖానలో ఇచ్చిన నూనె నువ్వే రాసుకుంటున్నావా, పోయిన ఏడులాగా మేక కాలికి రాస్తున్నావా? నా గురించి ఫికర్ చెయ్యకు. నేను బాగున్నాను.

ఈ ఉత్తరం చదివి వినిపించే ఖాజా భాయికి సలాం. నేను అంచుల్లో రాసినవన్నీ కాగితం గుండ్రంగా తిప్పుతూ చదివే ఓపిక గోలేటిలో నీ ఒక్కడికే ఉంది. ఎప్పుడూ ఇంట్లో కూర్చుని మెల్లగా చదవమనేవాణ్ణి. ఈసారి నీ సైకిల్ దుకాణం ముందు, షిఫ్టు దిగినవాళ్ళు చాయకు ఆగే వేళ, అక్కను బల్ల మీద కూర్చోబెట్టి గట్టిగా చదువు. మా మేనల్లుడు మల్లేశం కూడా అక్కడ ఉండాలి. వాడు లేకపోతే వచ్చేదాకా ఆగు.

అక్కా, గోలేటి వదిలి కొడుకు దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడి క్వార్టర్లు ఒక్క అచ్చులో తీసిన ఇటుకల్లా ఉంటాయి. మొదటి వారంలోనే రెండుసార్లు పక్క వరుసలో ఎవరింటి ముందో చెప్పులు విడిచి నేరుగా లోపలికి పోయాను. రెండోసారి ఆ ఇల్లాలు, "ఎట్లనన్న వచ్చినవు పెద్దయ్యా, చాయ తాగి పో" అన్నది. తాగాను. మా కోడలి చాయకన్నా బాగుంది. భాయీ, ఈ ఒక్క ముక్క మెల్లగా చదువు.

ఎండలు బాగా ముదిరాయి. ఉదయం ఆరేసిన తెల్ల పంచె బొగ్గు దుమ్ముకు సాయంత్రానికి బూడిదరంగు తిరుగుతుంది. కోడలు వేళకు పెడుతుంది, కానీ నీ చేతి మక్కగట్క, పచ్చిపులుసు గుర్తొస్తే ముద్ద దిగదు. కొడుకు శంకర్ డ్యూటీకి పోయాక ఇంట్లో నాతో మాట్లాడే మనిషి నా వెంట వచ్చిన నీ మనవరాలు స్వరూప ఒక్కతే. ఈమధ్య అదీ అడిగినదానికే జవాబు చెబుతోంది. ఆ సంగతికే వస్తున్నాను.

పోయిన నెల కార్డులో, స్వరూపకు మార్కులు చాలలేదు, నర్సు శిక్షణలో సీటు రాలేదు అని రాశాను. అక్కా, అది అబద్ధం.

దానికి మల్లేశం రాయించిన జవాబు అందింది. "మొద్దుదానికి సదువెందుకని నేను ముందే అన్న. ఇగ ఇంటికి తోలు. ట్రంకుల ఉన్న పుస్తకాలు కిరాణం దుకాణంల పొట్లాలకన్న పనికొస్తయి" అని. ఆ కార్డు నాకంటే ముందు స్వరూప చేతికే వచ్చింది. చదివి, నా కళ్ళద్దాల కింద పెట్టి, చాట తీసుకుని బియ్యం ఏరడానికి కూర్చుంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

జరిగింది నీకు సగం తెలుసు. దుకాణం ముందు నిలబడి వినేవాళ్ళకు అదీ తెలియదు, అందుకని మొదటినుంచి చెబుతాను. మల్లేశం చంద్రాపూర్ దిక్కు బొగ్గు బాయిలో పనిచేసిన రోజుల్లో వాడి బిడ్డ స్వరూప అక్కడే రెండేళ్ళు ఆరోగ్య కార్యకర్త కోర్సు చదివింది. వాళ్ళు మార్కులు వెయ్యరు, అక్షరాలు వేస్తారు. ఏ అంటే డెబ్బై ఐదు నుంచి వంద దాకా. బీ అంటే అరవై పైన. సీ యాభై పైన, డీ నలభై పైన. మన పిల్లకు కట్లు కట్టడం, సూదులు వెయ్యడంలో ఏ వచ్చింది. తల్లీబిడ్డల సంరక్షణలో బీ, అంటురోగాల్లో బీ, శరీరశాస్త్రంలో సీ, ఇంగ్లీషులో డీ. ఇక్కడి శిక్షణవాళ్ళకేమో సగటు శాతం కావాలి. యాభై ఐదుకు తగ్గితే దరఖాస్తే తీసుకోరు.

అక్షరాలను అంకెలు చెయ్యాలంటే నాకంటే ఎవరున్నారు? బడికి పోయింది ఒక్క వానాకాలమే అయినా, కిరాణం దుకాణంలో పొట్లాలకు చింపబోతున్న అట్టలేని లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకుని నేర్చినవాణ్ణి. ముప్పై ఏళ్ళు బొగ్గు శాంపిల్ తీసినవాణ్ణి. వ్యాగన్ పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి బొగ్గు తీసి, దంచి, కుప్ప పోసి, ఆ కుప్పను నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు రెండు పాళ్ళు పారేసి, మిగిలింది కలిపి మళ్ళీ కుప్ప పోసి, అట్లా చివరికి పిడికెడు మిగిల్చి ల్యాబుకు పంపేవాళ్ళం. ఆ పిడికెడును కాల్చి, మిగిలిన బూడిద తూచి, వ్యాగన్ మొత్తానికి ఒక అక్షరం పెట్టేవాళ్ళు. సీ గ్రేడు బొగ్గు బీకి వెంట్రుకవాసి దూరంలో ఉన్నా సీయే, డీలోకి జారబోతున్నా సీయే. లోపల ఎంతుందో అక్షరం చెప్పదు. ఇది నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తెలిసే చేశాను.

దరఖాస్తు నింపిన రోజు స్వరూప కాగితం వెనక్కి తిప్పి చూసి, "తాతా, గ్రేడ్లు వచ్చినోళ్ళు శాతం రాసే ఈ గడి ఖాళీగ ఉంచాలట. ఎనుక రాసి ఉన్నది. లెక్క వాళ్ళే కడతరట" అన్నది.

"ఖాళీగ ఇడిస్తే లెక్క రానోళ్ళనుకుంటరు బిడ్డా" అన్నాను. "ముప్పై ఏండ్లు వ్యాగన్ల లెక్క సూసిన. నీ ఐదు అక్షరాలు నాకో లెక్కనా?"

ప్రతి అక్షరానికీ నడిమి అంకె పట్టుకున్నాను. ఏకు ఎనభై ఏడున్నర, బీకి అరవై ఏడు, అట్లా. అన్నీ కలిపి ఐదుతో భాగిస్తే అరవై నాలుగు పాయింట్ ఒకటి. ఆ పాయింట్ ఒకటి కూడా వదలకుండా, సిరాతో, గుండ్రంగా రాశాను. నిజం చెప్పాలంటే కింది అంకె పట్టుకోవచ్చన్న ఆలోచన వచ్చింది. పిల్లకు తక్కువ రాయడానికి చెయ్యి రాలేదు. కింద అది సంతకం పెట్టింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

జాబితా పెట్టిన రోజు ఇద్దరం పోయాం. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాం. దాని పేరు లేదు. ఆఖరి పేరు పక్కన యాభై ఆరు అని ఉంది. అరవై నాలుగును వదిలి యాభై ఆరును తీసుకున్నారని నాకు కోపం వచ్చింది. లోపలికి పోయి అడిగాను.

గుమాస్తా ఒక నడివయసు ఆమె. మా దరఖాస్తు వెతికి తీసి ఆ గడి మీద వేలు పెట్టి, ఈ అంకె ఎవరు రాశారని అడిగింది. నేనే అన్నాను. గర్వంగా అన్నాను అక్కా. నా బొగ్గు లెక్క అంతా చెబితే ఆమె అడ్డం రాకుండా విన్నది.

"మేం గ్రేడుకు కింది అంకెనే పడతం పెద్దయ్యా" అన్నది. "గంతకన్న తక్కువ లేదన్న ముచ్చటే మాకు తెలుసు. గట్ల సూస్తె పిల్లకు యాభై ఏడు."

"యాభై ఏడే ఎయ్యుండ్రి తల్లీ. గదీ సాలు గదా."

ఆమె కాగితం నావైపు తిప్పింది. స్వరూప సంతకం పైన, ఇందులో రాసినవన్నీ నిజం, ఎక్కువ చూపితే దరఖాస్తు చెల్లదు అని ఉంది. గడి ఖాళీగా ఉంటే సీటు పిల్లదే అయ్యేదని మెల్లగా చెప్పి, నాకు కుర్చీ వేయించింది. పని అవుతుందంటే ఆఫీసులో ఎవరూ ముసలాడికి కుర్చీ వెయ్యరు. మళ్ళీ పిలిచేది రెండేళ్ళకట. అప్పటికి దాని వయసు దాటిపోతుంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు స్వరూప అన్నది: "తాతా, మార్కులు సాలలేదని రాయి అవ్వకు. నీ లెక్క తప్పిందని రాయకు."

ఎందుకని అడిగాను.

"నాకు సీటు ఎట్లాగూ పోయింది. నీకు అవ్వ నమ్మకం గూడ ఎందుకు పోవాలె?"

సరే అన్నాను. తెల్లారి కార్డు రాశాను. అరవై దాటినవాణ్ణి, ఇరవై రెండేళ్ళ పిల్ల వెనక దాక్కున్నాను.

మొన్న పక్క క్వార్టరు ఆమెకు కత్తిపీట తెగితే స్వరూపే కట్టు కట్టింది. దవాఖానకు పోతే కాంపౌండరు ఆ కట్టు చూసి, ఏ నర్సు కట్టిందని అడిగాడట. అది దానికి ఏ వచ్చిన పాఠం. ఆ ఏలో డెబ్బై ఐదు ఉందో, తొంభై తొమ్మిది ఉందో ఇక ఎవరికీ తెలియదు.

మల్లేశం, ఇది నీకు. నీ బిడ్డ మొద్దు కాదు. కావలసింది యాభై ఐదు, దానికి వచ్చింది యాభై ఏడు. భాయీ, ఈ మాట మళ్ళీ చదువు. తప్పింది నేను. ఆ ట్రంకు ముట్టుకోకు. నాకు లెక్కలొచ్చింది పొట్లాల కాగితాల్లోంచే అయినా, అందరి పుస్తకాలూ ఆ దారిన పోనక్కర్లేదు.

అక్కా, "నీ లెక్క మీదనే నా నమ్మకం" అని పిల్లను నా వెంట పంపావు. ఆ మాట తలుచుకుంటే కలం ఆగిపోతుంది. ఎవరైనా ఇటు వస్తే తొక్కు సీసా ఒకటి పంపు, స్వరూపకు ఇష్టం. దీవెనలు కూడా దానికే పంపు, ఈసారి నా వంతు కూడా దానికే ఇవ్వు. ఊళ్ళో పెద్దలందరికీ నా దండాలు.

ఈ కాగితంలో కింద సగం మిగిలింది. ఖాళీ కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసు. అయినా వదులుతున్నాను. నువ్వు చెప్పింది ఖాజా భాయి చేత అక్కడే రాయించి, ఇదే కాగితం తిరిగి పంపు. ఏం రాయాలో నేను చెప్పను.

నీ తమ్ముడు,
రాజలింగు